సాయమ్మ పాటకు చోటు

సత్యరాజు తన పెళ్ళికి కుట్టించుకున్న కోటు పాతికేళ్ళ తరువాత కూడా ఆయనకు వదులుగానే ఉండేది. కొలతలు తీస్తున్న దర్జీతో, "రేపు లావైతే మల్ల కుట్టించుకుంటమా? రెండంగుళాలు జాస్తి పెట్టు" అని చెప్పి మరీ కుట్టించుకున్నాడు. లావు కాలేదు. ఏ ఫోటోలో చూసినా ఆ కోటు ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టే కనిపించేది.

పటాన్‌చెరులో నీటి పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆయన స్టోర్స్ ఇన్‌ఛార్జి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు, సరుకు తీసుకుపోవాల్సిన లారీ గేటు దగ్గర పొద్దంతా ఆగిపోయింది. పంపులో వేసే రబ్బరు రింగు ఒక్కటి తక్కువ పడింది, అంతే. మేనేజరు అందరిముందూ అరిచాడు. ఆ అరుపు సత్యరాజు చెవుల్లో అట్లాగే ఉండిపోయింది. ఆ తరువాత ఆయన స్టోర్లో ఏ వస్తువూ అయిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. ఫ్యాక్టరీ వరకు అది మంచి గుణమే. చిక్కల్లా ఆయన దాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవడంతో వచ్చింది. భార్యాభర్తలిద్దరే ఉండే ఇంటి మీద రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టించాడు. పన్నెండు లీటర్ల కుక్కరు కొన్నాడు. అందులో రెండు గ్లాసుల బియ్యం వేస్తే అడుగున ఎక్కడో వెతుక్కోవాలని ఆయన భార్య సుకుమారి అందరికీ చెప్పేది. ఆమె సర్కారు బడిలో టీచరు. మాట మెత్తనిదే, కానీ గుచ్చాల్సిన చోట గుచ్చేది.

"రేపు చుట్టాలొస్తేనో?" అనేవాడు సత్యరాజు.

"ఆ రేపు ఇయ్యాల్టిదాంక రాలేదు గద. వచ్చిననాడు చెప్పుండ్రి, కుక్కర్ కడిగి పెడ్త" అనేది సుకుమారి.

ఇట్లాంటి మనిషి ఒక వెబ్‌సైట్ పెట్టాడు. అది సాయమ్మ కోసం.

సాయమ్మది ఇంద్రేశం. డెబ్బై దాటిన మనిషి, అక్షరం రాదు. వయసులో ఉన్నప్పుడు నాట్లలోనూ కలుపుల్లోనూ పాడుకునే బాణీల మీదే యేసు పాటలు కట్టింది. ఆమె పాటల్లో ప్రభువు మోటబావి దగ్గర ఎద్దులు తోలుతాడు, కలుపు తీసే ఆడవాళ్ళకు జొన్న గటక తెచ్చి పెడతాడు. "కోతకొచ్చిన చేను సూసి కొడవలి వట్టిన సామీ" అని ఆమె ఎత్తుకుంటే పక్క వాడలో మాటలాగిపోయేవి. సత్యరాజు పుట్టింది ఆ ఊళ్ళోనే. చిన్నప్పుడు ఆ పాటకు చర్చి నిండా గొంతులు కలవడం విన్నాడు. ఇప్పుడు ఆ పొలాల్లో ప్లాట్లకు తెల్లరాళ్ళు పాతుతున్నారు. ఒకనాడు అక్కడ ఒకరింట్లో ప్రార్థన జరిగింది. సాయమ్మ పాడుతుంటే వెనక అందుకునేవాళ్ళు ఇద్దరే మిగిలారు, వాళ్ళు కూడా ముసలివాళ్ళే. ఆయన అన్నం తినకుండానే ఇంటికి వచ్చాడు.

మరుసటి ఆదివారం టేప్‌రికార్డరుతో ఇంద్రేశం వెళ్ళాడు. ఒకటి కాదు, రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు. దానితోపాటు ఒక సంచీడు ఖాళీ క్యాసెట్లు.

సాయమ్మ ఆ సంచీలోకి తొంగిచూసింది. "ఇన్నెందుకు బిడ్డా? నేనేమన్న రైలుబండంత పాడ్తనా? నాకు యాదికున్నయి ఇరవై గూడ లేవు."

"పాడంగ పాడంగ యాదికొస్తయత్తా. తక్కువ పడొద్దని తెచ్చిన."

పాటలన్నీ మూడు క్యాసెట్లలో సరిపోయాయి. మిగతా సంచీ బీరువా పైకి ఎక్కింది.

కొన్నాళ్ళకు మార్తమ్మ అనే నర్సు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చింది. ఆమె కూడా ఇంద్రేశం పిల్లే. ఆ క్యాసెట్లు విని ఏడ్చి, ఒక కాపీ పట్టుకెళ్ళింది. ఆమె దగ్గర విన్నవాళ్ళు తమకూ కావాలన్నారు. దుబాయికి పోయేవాళ్ళ చేతికి, బహ్రెయిన్‌కు పోయేవాళ్ళ చేతికి క్యాసెట్లు ఇచ్చీ ఇచ్చీ సత్యరాజు అలిసిపోయాడు. అప్పుడే హైమావతి ఆ మాట అన్నది.

హైమావతి పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా, మేడ మీద ఇంటర్నెట్ సెంటరు నడిపేది. బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగింది కనుక ఆమె మాటలో నాలుగైదు జిల్లాల తెలుగు కలిసి ఉండేది. "ఇన్ని క్యాసెట్లు మోయడమెందుకు సత్యరాజు గారూ? ఒక వెబ్‌సైట్ పెట్టి పాటలందులో ఎక్కించేద్దాం. ఎక్కడున్నవాళ్ళు అక్కడే వింటారు" అన్నది. అది రెండువేల అయిదో సంవత్సరం.

వెబ్‌సైట్ అంటే ఏమిటో సత్యరాజుకు తెలుసు. అది ఎక్కడో ఒకచోట ఉండాలని, ఆ చోటుకు కిరాయి కట్టాలని మాత్రం తెలియదు. హైమావతి కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది.

"హోస్టింగ్ అంటారు దీన్ని. పగలూ రాత్రీ నడిచే పెద్ద కంప్యూటర్లుంటాయి. ఒక్కో దాంట్లో వందల సైట్లు కలిసి ఉంటాయి. అది షేర్డ్. అన్నిటికంటే చవక. కంపెనీవాళ్ళే అంతా చూసుకుంటారు. రెండో రకంలో అదే కంప్యూటర్‌ను భాగాలు చేసి, ఎవరి భాగం వాళ్ళకిస్తారు. పక్కవాడి రద్దీ మన మీద పడదు. మూడోది, కంప్యూటర్ మొత్తం మనకే ఇచ్చేస్తారు."

"మొత్తం మనకేనా?" సత్యరాజు కళ్ళు మెరిశాయి.

"మొత్తం. కానీ మీకెందుకండీ అది? ఉన్నవి పద్దెనిమిది పాటలు. షేర్డే ఎక్కువ."

"ఇస్నాపూర్ల కిరాయి రూములు సూస్తలేనా మేడం? ఒక్క నల్లా, పది రూములోళ్ళు. పొద్దుగాల బకెట్లు పట్టుకొని కొట్లాటలే. సాయమ్మత్త పాటలను తీస్కపోయి గసొంటి జాగల పెట్టాల్నా?"

"కొట్లాటలేం ఉండవండీ అందులో."

"ఇయ్యాల ఉండయి. రేపు లోకమంత ఇనొస్తేనో?"

హైమావతి ఇంకో మాట కూడా చెప్పింది. మొత్తం కంప్యూటర్ చవక ధరకు తీసుకుంటే కంపెనీవాళ్ళు దాని మంచీ చెడూ చూడరు. తాళాలు, మరమ్మతులు అన్నీ మనమే చూసుకోవాలి. సత్యరాజు నవ్వాడు. "ఇరవై అయిదేండ్ల సంది స్టోర్స్ సంభాళిస్తున్న. ఒక్క కంప్యూటర్ సూస్కోలేనా మేడం?"

ఆ ఏటి బోనస్ కంప్యూటర్ కిరాయి కింద అమెరికా వెళ్ళింది. సంగతి తెలిసి సుకుమారి మెల్లగా అడిగింది: "దాని మీద ట్యాంకు గూడ పెట్టిస్తున్నరా?"

కంపెనీ నుంచి వివరాలు వచ్చిన రోజు సత్యరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని సెంటరుకు వెళ్ళాడు. తన కంప్యూటర్ ఎట్లా ఉంటుందో చూద్దామని ఆశ. హైమావతి పాస్‌వర్డ్ కొట్టింది. నల్లటి తెర, మూలకు మిణుకుమిణుకుమనే చిన్న గీత. ఇంకేమీ లేదు.

"ఇంతేనా?"

"ఇంతే. ఇప్పుడిది మనమేం చెబితే అది చేస్తుంది. ఏం చెప్పాలో నాకూ పెద్దగా తెలీదు" అని హైమావతి ఉన్నమాట చెప్పేసింది. చివరికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ఒక పాత స్నేహితురాలిని ఫోన్‌లో పట్టుకుని, రెండు మధ్యాహ్నాలు ఆమె చెప్పినట్టల్లా కొట్టి, ఎట్లాగో పాటలు ఎక్కించింది. స్నేహితురాలు ఫోన్ పెట్టేముందు, దీన్ని అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలని చెప్పింది. సత్యరాజు తల ఊపాడు. సంతోషంలో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతాడు.

ఆ వారమే సాయమ్మను ఆటోలో తీసుకొచ్చి మేడ ఎక్కించాడు. హైమావతి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాట మొదలుపెట్టింది. సాయమ్మ ముందు ఉలిక్కిపడింది. తరువాత నవ్వింది. ఆ తరువాత తన పాటకు తానే గొంతు కలిపింది. పాట తనకొక్కదానికే వినిపిస్తున్నదని ఆమెకు తెలియదు గనక పూర్తి గొంతుతోనే పాడింది. రైల్వే పరీక్షకు దరఖాస్తులు నింపుతున్న పిల్లలంతా వెనక్కి తిరిగారు.

పాట అయిపోయాక అడిగింది: "ఇప్పుడు గిది యాడున్నది బిడ్డా?"

"అమెరికాల ఉన్నదత్తా. టెక్సాస్ అని."

"నేను పక్కూరు కొల్లూరు దాటి ఎన్నడన్న పోయిన్నా? నా పాట ఒక్కతే పోయిందా?" సాయమ్మ కాస్త కంగారుపడింది. "ఆడ దాన్ని సూసుకునేటోళ్ళు ఎవరు?"

"నేనే సూస్కుంట" అన్నాడు సత్యరాజు ఛాతీ విరిచి.

అయిదారు నెలలు బాగానే గడిచాయి. సత్యరాజు రోజూ డ్యూటీ దిగి సెంటరుకు వచ్చి, సైట్ తెరిచి, ఉందని చూసుకుని ఇంటికి పోయేవాడు. సూసుకోవడమంటే అదేననుకున్నాడు. చర్చిలో ఎవరైనా పలకరిస్తే, "మన సొంత సర్వర్ ఉన్నది" అని ఏదో ఒక మాటలో ఇరికించేవాడు. పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో కూడా ఆ సంగతి చెప్పారు.

అట్లా ఉండగా మస్కట్ నుంచి మార్తమ్మ ఫోన్ చేసింది. మాట తడబడుతున్నది. "అన్నా, ఏమనుకోకు. పాటల సైట్ తెరిస్తె… ఏందో మందులొస్తున్నయి."

"ఏం మందులు?"

"మగోళ్ళ మందులన్నా. నేను చెప్పలేను, నువ్వే సూడు."

సత్యరాజు సైకిలు మీద సెంటరుకు పోయి చూశాడు. సాయమ్మ ఫోటో ఉండాల్సిన చోట చొక్కా లేని ఒక తెల్లదొర కండలు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. కింద నీలం రంగు మాత్రలు. పక్కన వాచీలు, చవకగా. పాటలు ఎక్కడా లేవు. "కోతకొచ్చిన చేను" నొక్కితే ఇంకో దొర వచ్చాడు.

హైమావతి కంపెనీకి ఫోన్ కలిపింది. అవతల ఉన్నతను మర్యాదగానే మాట్లాడాడు. మీ కంప్యూటర్ తాళాలు పాతబడిపోయాయి, ఎవరో లోపలికి దూరారు, దాన్ని సరిచేసుకోవడం ఒప్పందం ప్రకారం మీ పనే అన్నాడు. రబ్బరు రింగు రోజు తరువాత సత్యరాజు ముఖం అంతగా వాడిపోయింది ఆ రోజే.

అంతలో పాస్టరుగారి భార్య కూడా ఆ పేజీ చూసినట్టు తెలిసింది. ఆ ఆదివారం చర్చిలో సత్యరాజు చివరి వరుసలో, స్తంభం వెనకాల కూర్చున్నాడు. అయినా బయటికి వచ్చేటప్పుడు ఒకాయన చేయి కలిపి, "మందుల ధర మనకేమన్న తగ్గిస్తరా రాజన్నా?" అని అడగనే అడిగాడు.

ఇంటికి వచ్చాక సుకుమారి చాయ్ ఇచ్చింది. ఆ రోజు ఆమె వేళాకోళం ఆడలేదు. దాంతో ఆయనకు ఇంకా భయం వేసింది.

"పాటలు పోయినట్టేనా?" అని అడిగింది.

"పాటలెట్ల పోతయి? సెంటర్ల సీడీ ఉన్నది. బీరువల రెండు సెట్లున్నయి. ఆఫీసు లాకర్ల ఒకటి. చర్చిల ఒకటి. మీ అమ్మింట్ల గూడ పెట్టిన."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఎక్కువ తెచ్చిపెట్టిన వస్తువు పనికిరావడం అదే మొదటిసారని ఆమె అన్నది. ఆయన ఒప్పుకోలేదు కానీ గట్టిగా వాదించనూ లేదు.

సాయమ్మకు మాత్రం చెప్పక తప్పలేదు. సత్యరాజు ఇంద్రేశం వెళ్ళి, ఆమె వాకిట్లో కూర్చుని, మందుల సంగతి వదిలేసి మిగతాదంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"అంత పెద్ద ఇంట్ల ఒక్కదాన్నే ఉంచినవా బిడ్డా నా పాటను?" అన్నది. "మనిషి మెసలని ఇంట్ల దొంగలు పడరా? నలుగురున్న కాడ పెట్టరాదు?"

హైమావతి నాడు మొదట చెప్పింది కూడా అదే. సత్యరాజు మరునాడు సెంటరుకు వెళ్ళి, ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని, "షేర్డే తీస్కుందాం మేడం" అని గొంతు తగ్గించి చెప్పాడు. హైమావతి పెద్దమనసు గలది. నేను ముందే చెప్పానుగా అనలేదు. ఏ కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తుతారో, ఎవరు రోజూ కాపీలు తీసి దాచిపెడతారో, ఎవరు తాళాలు ఎప్పటికప్పుడు మారుస్తారో కనుక్కుని, వాళ్ళలో ఒకరి దగ్గర అన్నిటికంటే చిన్న ప్లాన్ తీసుకున్నది. సత్యరాజు చాలాకాలం ఆ ప్లాన్ పేరు ఎవరికీ చెప్పలేదు. దాని పేరు 'బేబీ'.

చిన్నదే అయినా పాటలు చక్కగా వినిపించాయి. కానీ ఆయనకు ఇంకో గుబులు పట్టుకుంది. "మన పక్కపొంటి ఎవరున్నరో తెలుస్తదా మేడం?" అని అడగసాగాడు. అడగ్గా అడగ్గా హైమావతి ఏదో సైటులో వెతికి చూసింది. అదే కంప్యూటర్‌లో ఒక దంతాల డాక్టరు, కుక్కపిల్లలు అమ్మే ఒకావిడ, బ్రెజిల్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టు, పెళ్ళి బ్యాండు మేళం ఒకటి, ఇంకా ఎందరో ఉన్నారు. సత్యరాజుకు మనసు కుదుటపడింది. అందరూ పని చేసుకుని బతికేవాళ్ళే.

ఈ సంగతి సాయమ్మకు చాలా నచ్చింది. ఆ తరువాతి ప్రార్థనలో ఊరివాళ్ళ పేర్లన్నీ అయ్యాక, "మా పాట పక్కన ఉన్న పండ్ల డాక్టర్ని, కుక్కపిల్లల అమ్మను, బంతాట పిలగాండ్లను సల్లగ సూడు ప్రభువా" అని కలిపింది. కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళు కళ్ళు తెరిచారు. సత్యరాజు ఒక్కడే గట్టిగా "ఆమేన్" అన్నాడు.

రెండువేల ఆరు క్రిస్మస్‌కు ముందు ఒక విశేషం జరిగింది. మస్కట్‌లో మార్తమ్మ వాళ్ళ చర్చిలో తెలుగు నర్సులంతా కలిసి సాయమ్మ పాట పాడారు. విన్నవాళ్ళంతా సైట్ అడ్రసు ఒకరికొకరు పంపుకున్నారు. పండుగ రెండు రోజులుందనగా సైట్ తెరిస్తే పాటలకు బదులు ఒక్క ఇంగ్లీషు వాక్యం కనిపించింది. ఈ నెల వినడానికి మీకిచ్చిన కొలత దాటిపోయింది, అందుకే ఆపేశామని దాని అర్థం.

సత్యరాజు ఎదురుచూసిన 'రేపు' నిజంగానే వచ్చింది. లోకమంతా కాకపోయినా, లోకంలో ఒక మూల సాయమ్మ పాట వినడానికి వచ్చి, లోపల చోటు లేక బయట నిలబడింది. ఆయన మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. హైమావతి అప్పటికే కాగితం మీద లెక్కలు వేస్తున్నది.

"మీరన్నదే అయ్యింది సత్యరాజు గారూ! ఇప్పుడు రెండో రకం తీసుకోవచ్చు. మన భాగం మనకుంటుంది. చూసుకునే మనిషిని కూడా వాళ్ళే ఇస్తారు, కొంచెం ఎక్కువ తీసుకుని."

సత్యరాజు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన నోటి నుంచి ఎన్నడూ రాని మాట వచ్చింది.

"జెర ఆగుండ్రి మేడం. ఈ జనం పండుగకొచ్చిండ్రా, ఉండిపోతరా?"

హైమావతి నమ్మలేనట్టు చూసింది. "పండుగకే అయ్యుండొచ్చు."

"అయితే ఉన్న కాడనే కొంచెం పెద్దది ఒక్క నెల తీస్కుందాం. సంక్రాంతి దాటినంక ఎంతమంది మిగుల్తరో సూద్దాం."

అట్లాగే చేశారు. పండుగ నాటికి పాటలు మళ్ళీ మోగాయి. జనవరిలో చూస్తే మునుపటికంటే కాస్త ఎక్కువమంది మిగిలారు. దానికి తగ్గట్టు 'బేబీ' మీది మెట్టు ఒకటి తీసుకుని అక్కడే ఆగారు. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు సుకుమారి ఆయన నుదుటి మీద చేయి పెట్టి జ్వరమేమైనా ఉందేమో చూసింది.

వేసవి సెలవులకు ముందు ఆమె ఒకనాడు బడి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అడిగింది. "మా పిల్లలు వాండ్ల నాయనమ్మల నడిగి పొడుపుకథలు రాసుకొచ్చిండ్రు. గవిటికి గూడ సైట్ పెట్టొచ్చా?"

సత్యరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు. "గొంతులా, అక్షరాలా?"

"అక్షరాలే."

"ఎంతమంది సూస్తరు? ఎవరు సూస్కుంటరు? రోజు మారుతయా, ఒక్కపారి పెట్టి ఊకుంటరా?"

"ఏందయ్యో, నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నరా?"

"అవసరం తెలువందే జాగ ఎట్ల తీస్కుంటం? అక్షరాలే అంటున్నవు. ఫ్రీగ ఇచ్చేటోళ్ళున్నరు, అది చాలు."

"ఫ్రీయా?" సుకుమారి గొంతు పెరిగింది. "పైసలు తీస్కోనోళ్ళు పేజీ మీద బనియన్ల అడ్వటైజ్‌మెంట్లు ఏస్తరని హైమావతే చెప్పింది. నా బడి పిల్లల పొడుపుకథల మీద బనియన్లా? ఒద్దు. మంచిది తీస్కోండ్రి. ఎవ్వరితోని పొత్తు లేకుండ, మొత్తం మనదే."

"మొత్తమా! పొడుపుకథలకు మొత్తం కంప్యూటరా?"

"రేపు వేరే బడులోళ్ళు గూడ పంపిస్తేనో?"

సత్యరాజు చివరికి హైమావతినే అడుగుదామన్నాడు. దారి పొడుగునా ఆటోలో ఆయన చిన్నది చాలంటాడు, ఆమె పెద్దదే కావాలంటుంది. ఆటోవాడు ఇద్దరూ ఇల్లు కొంటున్నారనుకుని, ఇంద్రేశంలో తనకు తెలిసిన ప్లాటొకటి ఉందని చెప్పాడు. మెట్ల మీద వాళ్ళ మాటలు వినిపించగానే హైమావతి కంప్యూటర్ ముందుకు రెండు కుర్చీలు లాగి పెట్టింది.